రంగు సరే, విషం సంగతేంటి?

కేంద్ర భూవిజ్ఞాన శాఖ మంత్రి గారికి,

నమస్కారమండీ. హైదరాబాద్‌లో ఉండి సముద్రం గోల నీకెందుకు అనుకోకండి. మీ శాఖ కింద పనిచేసే సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ మా ప్రగతి నగర్‌లోనే ఉంది. ఒడ్డుకు ఇంత దూరంలో కూర్చుని, ఉపగ్రహాలు పంపిన సముద్రం రంగు, వేడి చూసి, చేపలు ఎక్కడ దొరకొచ్చో మత్స్యకారులకు తెలుగులో చెబుతారు. భీమిలి వైపు మా పిన్ని వాళ్ల ఊళ్లో ఆ కబురుకు మంచి గిరాకీ.

చిక్కల్లా ఆ రంగుతోనే. నీళ్లు పచ్చబడ్డాయంటే సూక్ష్మ శైవలాలు, అంటే కంటికి ఆననంత చిన్న నాచు, పెరిగాయన్నమాట. చేపలకు అదే మేత. ఆ శైవలాల్లో కొన్ని జాతులు విషం తయారుచేస్తాయి. పైనుంచి చూస్తే మేతేదో విషమేదో తెలియదు. ఒక్కోసారి రంగు మారకుండానే, నీళ్లలో అలెగ్జాండ్రియం అనే విషపు శైవలం కొద్దిపాటి ఉన్నా చాలు, ఆల్చిప్పలు నీటిని వడగట్టుకుంటూ దాని విషం సాక్సిటాక్సిన్‌ను ఒంట్లో పోగేసుకుంటాయి. పైకి అవి బాగానే ఉంటాయి. తిన్నవాళ్లకు మూతి తిమ్మిరెక్కుతుంది, ముదిరితే ఊపిరే ఆగిపోతుంది. ఎంత ఉడికించినా ఆ విషం పోదు. కేరళలోని విళింజంలో 1997లో ఆల్చిప్పలు తిని 7 మంది చనిపోయారు.

నోరులేని జీవాల సంగతి సరేసరి. అమెరికాలో కేప్ కాడ్ దగ్గర 1987లో 14 హంప్‌బ్యాక్ తిమింగలాలు చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. అవి తిన్న మాకెరల్ చేపల్లో ఇదే విషం దొరికింది. 1998లో కాలిఫోర్నియాలో సీల్ లాంటి సముద్ర జంతువులు, సీ లయన్లు, 400కు పైగా పోయాయి. అక్కడ విషం వేరు, డొమోయిక్ ఆమ్లం. డయాటమ్ అనే ఒక రకం సూక్ష్మ శైవలం నుంచి మన నెత్తళ్లలాంటి చేపల్లోకి, వాటి నుంచి సీ లయన్ల మెదడుకు. పాపం, మూర్ఛలతో ఇసుకలో కొట్టుకున్నాయి.

శైవలాలు ఒక్కసారిగా విపరీతంగా పెరిగిపోవడాన్ని బ్లూమ్ అంటారు. ఆ బ్లూమ్‌ల సమాచారం ఇన్‌కాయిస్ ఇస్తోంది, సంతోషం. నేనడిగేది ఆ తర్వాతి అడుగు. బ్లూమ్ కనిపించగానే, కనిపించకపోయినా పదిహేను రోజులకోసారి, భీమిలి, కాకినాడ లాంటి చోట్ల గుల్లలు తీసి విషానికి పరీక్ష చేయించండి. ఫలితం చేపల కబురు వెళ్లే దారిలోనే, తెలుగులోనే పంపించండి. ఖర్చంటారా, ఉపగ్రహం ఖర్చు ముందు ఇదెంత!

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మా తీరంలో వేట నిషేధం. పడవలు ఆగుతాయి గానీ పిన్ని వాళ్ల ఊళ్లో ఆడవాళ్లు గుల్లలు ఏరడం ఆగదు. కనీసం ఆ 61 రోజులతోనైనా మొదలుపెట్టించండి.

ఇట్లు,
ప్రగతి నగర్ వాసి