పదకొండు వారాలుగా కదలని ఒక అక్షరం గురించి

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

నమస్కారం. 'విషయం' అనే చోట ఏమీ రాయలేదు. మీ ల్యాబ్ రిపోర్టులో తప్పులు దిద్దమని ఇదివరకు పంపిన పద్నాలుగు మెయిళ్ళలో ఆ గడి శ్రద్ధగా నింపాను, ఒక్కదాన్నీ ఎవరూ తెరిచినట్టు లేదు. అందుకే ఇది కాగితం మీద రాసి మీ పేరుతో స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. కనీసం ఎవరో ఒకరు సంతకం పెట్టి తీసుకోక తప్పదు.

చర్లపల్లిలో తొమ్మిది మందితో నడిచే చిన్న యూనిట్ మాది. డ్రిప్ తోటల్లో వాల్వులు తెరిచి మూసే కంట్రోలర్లు చేస్తాం. ఒకదాన్ని మీ ల్యాబ్‌లో ఇఎంసీ పరీక్షకు ఇచ్చాం, అంటే చుట్టుపక్కల పరికరాలకు విద్యుత్ రొద పెట్టకుండా, వాటి రొదను తనూ తట్టుకుంటుందా అని చూసే పరీక్ష. అదెలా పనిచేస్తుందో ఇక్కడ రాయను. మీ వాళ్ళకు దాని పేరే అక్కర్లేదని తేలాక మిగతాదంతా ఎందుకు?

మొదటిసారి కండక్టెడ్ ఎమిషన్‌లో, అంటే కరెంటు తీగ గుండా బయటికి పోయే రొద పరీక్షలో, తప్పింది. 150 కిలోహెర్ట్జ్ దగ్గర మొదలెట్టగానే గీత లిమిట్ దాటి పైకెక్కి కూచుంది. తప్పు మాదే, మా పవర్ సప్లైది. కోఠి గుజరాతీ గల్లీకి పోయి ఆ రొదను అణిచే కామన్ మోడ్ చోకూ వై కెపాసిటర్లూ తెచ్చుకుని, మీ బల్ల మీదే రాత్రి తొమ్మిది దాకా సోల్డరింగ్ చేసుకున్నాను. మర్నాడు పాసైంది. మీ టెస్ట్ ఇంజినీరు కుర్రాడు పక్కనే నిలబడి, ప్రోబు పట్టుకుని, ఏ రొద బోర్డులో ఎక్కణ్ణుంచి పుడుతోందో చూపించాడు. మీ సంస్థలో నాతో మనిషిలా మాట్లాడిన ఆఖరివాడు అతనే.

తర్వాత రిపోర్టు వచ్చింది. 64 పేజీలు. మొదటి పేజీలోనే మా కంట్రోలర్ మోడల్ పేరు డీసీ-6ఎస్ కాస్తా డీసీ-65 అయిపోయింది. ఇంగ్లీషు ఎస్ టైపు చేసినవారి కంటికి అయిదులా కనబడి ఉంటుంది. 41వ పేజీలో 'పరీక్షించిన పరికరం' అని ఒక ఫోటో: ఎవరిదో వీధిదీపం. దీపం బాగానే ఉంది, మాది కాదు.

ఇంతవరకు నాకు కోపం లేదండీ. మేమూ ఒకసారి నాలుగు వాల్వుల పెట్టెలకు ఆరు వాల్వుల స్టిక్కర్లు అంటించి అనంతపురం పంపాం. రైతు ఫోన్ చేసి తిట్టాడు, మర్నాడే మనిషిని పంపి మార్చాం. ఇదీ అలాగే ఒక్క ఫోనుతో పోతుందనుకున్నాను.

రిసెప్షన్ అమ్మాయి ఎంతో మర్యాదగా "రిపోర్ట్స్‌కి కలుపుతాను సార్" అని ఫ్లూటు పాట పెట్టింది. ఆ పాట నాకిప్పుడు నోటికొచ్చు. స్పీకర్‌లో పెట్టి భోజనం చేయడం కూడా అలవాటైంది. రిపోర్ట్స్ వాళ్ళేమో టెస్టు చేసిన ఇంజినీరు రాసిస్తేనే మారుస్తామన్నారు. ఆ కుర్రాడు ఉద్యోగం మానేశాడట. అతని స్థానంలో వచ్చినాయన "నేను చెయ్యని టెస్టుకి నేనెలా బాధ్యత తీసుకుంటానండీ" అన్నాడు. నిజమే, ఆయన్నేమనగలం? సంతకం పెట్టే అధికారి గారు ఆడిట్‌లో ఉన్నారు. మూడు వారాల తర్వాత అడిగినా ఆడిట్‌లోనే ఉన్నారు. అంత ఆడిట్ జరుగుతుంటే ఆ వీధిదీపం ఎవరి కంటా పడలేదా అని అడగబోయి ఊరుకున్నాను.

మీ సేల్స్ ఆయన సంగతి వేరు. వాట్సాప్‌లో "నోటెడ్ సార్" ఆరుసార్లు, బొటనవేలు తొమ్మిదిసార్లు. అడక్కుండా పంపింది మాత్రం ఒకటే: దీపావళి శుభాకాంక్షలు, వెనకాల మీ కొత్త చాంబర్ ఫోటో. ఇక అకౌంట్స్ వాళ్ళు రివిజన్ చార్జీలు 8,500, జీఎస్టీతో 10,030 కట్టమన్నారు. తప్పు మీది, రివిజన్ నాదట! ఆ మర్నాడు ఇంకొకరెవరో, శాంపిల్ మళ్ళీ పంపితే కొత్త ఫోటో తీస్తామన్నారు. శాంపిల్ పంపాను. అందిందని మెసేజ్ వచ్చింది. వారం తర్వాత అది అలాగే, పెట్టె టేపు కూడా విప్పకుండా తిరిగొచ్చింది. ఆ సాయంత్రమే ఇంకో మెయిల్: "మీ సమస్య పరిష్కరించబడింది. టికెట్ మూసివేయబడినది."

ఎవరు పరిష్కరించారో చెబితే వెళ్ళి దండం పెట్టుకుంటాను.

ఎనెకోయిక్ చాంబరంటే రేడియో తరంగాలకు ప్రతిధ్వని పుట్టని గది అని, గోడల నిండా ఆ నీలం కోన్లు అందుకేనని మీ కుర్రాడే చెప్పాడు. మీది సెమీ ఎనెకోయిక్ కాబట్టి నేల ఒక్కటి తిప్పికొడుతుందట. మీ కస్టమర్ సపోర్టుకు ఆ నేల కూడా లేదు సార్. అక్కడ ఎంత అరిచినా మన గొంతు మనకే వినబడదు. ఇంకో మాట. మా పెట్టె మీద 8 కిలోవోల్టుల స్పార్కు కొట్టినప్పుడు క్రైటీరియన్ బి చాలన్నారు, అంటే దెబ్బకు కాస్త తడబడినా తనంతట తాను తేరుకోవాలి. పద్నాలుగు మెయిళ్ళు కొట్టినా మీ ఆఫీసు తడబడను కూడా లేదు. క్రైటీరియన్ ఎ. అభినందనలు.

ఒకప్పుడు ఇఎంసీ అంటే పెట్టె భుజాన వేసుకుని చార్మినార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నైలోని ప్రభుత్వ సంస్థ సమీర్ ల్యాబ్‌కు పోయేవాళ్ళం. మీరు ఇక్కడ ల్యాబ్ తెరిచారని తెలిసి 2013లో మొదటి నెలలోనే వచ్చాను. అప్పుడు మీ దగ్గర కుర్చీలు కూడా లేవు, మీరే స్వయంగా టీ తెప్పించారు. గుర్తుందా? ఆ తర్వాత మా ఇండస్ట్రియల్ ఏరియాలో నలుగురిని వెంటబెట్టుకుని మీ దగ్గరకు తెచ్చింది నేనే. అందులో ఇద్దరు నాకంటే పెద్ద కస్టమర్లయ్యారు. వాళ్ళ ఫోన్లు మీ వాళ్ళు ఎత్తుతున్నారని విన్నాను.

మా ఇటలీ కొనుగోలుదారు ఒకే ప్రశ్న అడుగుతున్నాడు: "ఈ రిపోర్టు 65ది. 6ఎస్‌ది ఎక్కడ?" 300 కంట్రోలర్లు అట్టపెట్టెల్లో కూచున్నాయి. ఐరోపాలో అమ్మడానికి కావలసిన సీఈ గుర్తు మీరు ఇచ్చేది కాదు, 2014/30/ఈయూ డైరెక్టివ్ కింద నేనే ప్రకటించి సంతకం పెట్టి, ఆ ఫైలు పదేళ్ళు దాచాలి. అందులో వీధిదీపం పెట్టుకుని ఏమని సంతకం పెట్టను?

మీ గోడ మీద ల్యాబులు ఎలా నడవాలో చెప్పే ప్రమాణం ఐఎస్ఓ/ఐఈసీ 17025 సర్టిఫికెట్టు ఫ్రేము కట్టి ఉంది. ఆ ప్రమాణంలో 7.9 అనే క్లాజు ఉంది, కుర్చీ దొరికినప్పుడు చదవండి. ఫిర్యాదు అందిందని చెప్పాలట, ఎంతవరకొచ్చిందో చెప్పాలట, తేల్చేవాళ్ళు ఆ పనిలో లేనివాళ్ళై ఉండాలట. రిపోర్టు సవరిస్తే దానికి వేరే గుర్తు ఇచ్చి, పాతదేదో అందులో రాయాలని 7.8.8 చెబుతుంది. నాకు కావలసింది ఆ ఒక్క సవరించిన రిపోర్టే, చార్జీల మాటెత్తకుండా. కానీ ఇప్పుడు అదొక్కటే సరిపోదు. ఈ పదకొండు వారాలు నాతో ఎవరూ ఎందుకు మాట్లాడలేదో మీరు స్వయంగా చెప్పాలి.

లేదంటే ఈ ఉత్తరం నకలు, పద్నాలుగు మెయిళ్ళతో సహా, ల్యాబులకు గుర్తింపు ఇచ్చే ఎన్ఏబీఎల్‌కు వెళ్తుంది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కీ ఫోన్ చేస్తాను. వ్యాపారం కోసం సేవ తీసుకున్నవాడు వినియోగదారుడు కాడని లాయరైన మా బావమరిది నసుగుతున్నాడు, బతుకుతెరువు కోసమైతే వేరంటున్నాడు. వినియోగదారుల కమిషనే తేలుస్తుంది. మా ఇండస్ట్రియల్ ఏరియా వాట్సాప్ గ్రూపుకు మాత్రం ఏ లాయరూ అక్కర్లేదు. 41వ పేజీ ఫోటో ఒక్కటి చాలు.

వచ్చే నెల మాకు కొత్త మోడల్ ఉంది. స్లాటు ఇంకా ఎక్కడా బుక్ చేయలేదు. బెంగళూరు ల్యాబ్ వాళ్ళు కొటేషన్ ఇరవై నిమిషాల్లో పంపారు, మోడల్ పేరు తప్పు లేకుండా.

ఇట్లు,
మీ 2013 నాటి కస్టమరు

తా.క.: మానేసిన ఆ కుర్రాడి మీదికి దీన్ని నెట్టకండి. ప్రోబు పట్టుకున్నప్పుడు అతను మా పెట్టె పేరు సరిగ్గానే రాసుకున్నాడు, నేను చూశాను.