ఇన్‌స్టాలైంది సరే, ఎక్కడుందిరా అన్నావుగా

మారతహళ్ళి, బెంగళూరు
ఆదివారం

ఒరేయ్ బావా,

నీ మెసేజ్ చూశాను. విండోస్ బదులు వేసుకున్న లైనక్స్ మింట్‌లో వీఎల్‌సీ అనే వీడియో ప్లేయర్ ఎక్కించావు, ఇన్‌స్టాల్ గీత చివరిదాకా వెళ్ళింది, ఎర్రర్ ఏమీ రాలేదు, తీరా చూస్తే ప్లేయర్ ఎక్కడా కనపడట్లేదు. అంతేగా? ఫోన్లో చెబితే మధ్యలో ఎవరో ఒకరు పిలుస్తారు, నువ్వు లేచి వెళ్ళిపోతావు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. కమాండ్ల ఇంగ్లీషు స్పెల్లింగులు విడిగా మెసేజ్ పెడతాను, ఇక్కడ సంగతి అర్థం చేసుకో చాలు.

ముందు ఒక పని మానెయ్. దాన్ని తీసేసి మళ్ళీ ఎక్కించడం. ఎర్రర్ లేకుండా పూర్తయిందంటే అది నీ మిషన్లో ఉన్నట్టే. విండోస్‌లో చాలావాటిని ఎక్కించగానే ఐకాన్ వచ్చి డెస్క్‌టాప్ మీద కూర్చుంటుంది కాబట్టి మన కళ్ళు ముందు అక్కడికే పోతాయి. లైనక్స్‌లో అలా రాదురా. నువ్వు పెట్టమంటేనే అక్కడ పెడుతుంది. నన్నడిగితే అదే మంచి పద్ధతి. ఇక్కడి ఎస్పీ రోడ్డులో సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ కొని, విండోస్‌కి డబ్బులు పెట్టలేక లైనక్స్ వేసుకున్న కుర్రాళ్ళు మా పీజీలో చాలామంది ఉన్నారు. ఉద్యోగం వెతుక్కుంటూ అనంతపురం నుంచీ కర్నూలు నుంచీ వచ్చినవాళ్ళు. వాళ్ళందరూ నా దగ్గరికి మొదట తెచ్చేది ఈ ప్రశ్నే. కాబట్టి నీకొక్కడికే వచ్చిన కష్టమేమీ కాదు.

అన్నిటికంటే సులువైన దారి ముందు చెబుతాను. మింట్‌లో ప్రోగ్రాములు ఎక్కించుకునే సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో వీఎల్‌సీ పేజీకే మళ్ళీ వెళ్ళు. అక్కడ ఇప్పుడు లాంచ్ అనే బటన్ ఉంటుంది. అది నొక్కు. తెరుచుకుంటే సగం టెన్షన్ పోయినట్టే. ఆ తర్వాత కీబోర్డు మీద విండోస్ గుర్తున్న కీ నొక్కితే మెనూ వస్తుంది. అందులో మౌస్‌తో వెతుక్కుంటూ కూర్చోకు, పేరులో రెండు అక్షరాలు కొట్టు. పేరు గుర్తులేకపోతే వీడియో అని కొట్టినా దొరుకుతుంది, ఎందుకంటే మెనూ పేరుతో పాటు వివరణలో కూడా వెతుకుతుంది. సౌండ్ అండ్ వీడియో అనే విభాగంలోకి వెళ్ళినా సరే. కొత్తగా ఎక్కించిన వాటిని మింట్ మెనూ కాస్త వేరుగా చూపిస్తుంది కూడా, గమనించు.

ఇక్కడొక చిక్కుంది. మనం ఎక్కించే పేరు వేరు, మెనూలో కనిపించే పేరు వేరు కావచ్చు. లైనక్స్‌కి డెస్క్‌టాప్ తయారుచేసే గ్నోమ్ వాళ్ళ ప్లేయర్ అసలు పేరు టోటెమ్, మెనూలో మాత్రం వీడియోస్ అని ఉండేది. టోటెమ్ అని వెతికినవాళ్ళు నానా తంటాలూ పడ్డారు. నీ మింట్‌లో సెల్యులాయిడ్ అని ఒకటి ముందునుంచే ఉంటుంది చూడు, అది లోపల నడిపేది ఎంపీవీ అనే ప్లేయర్‌ని. 2019 చివర్లో వచ్చిన 19.3 వెర్షన్ నుంచి మింట్ వాళ్ళు దాన్నే ఇస్తున్నారు.

సరే, మెనూలో అస్సలు లేదనుకో. అప్పుడు అసలు సంగతి తెలియాలి. లైనక్స్‌లో ప్రోగ్రామ్ ఉండటం ఒకటి, మెనూలో కనపడటం ఇంకొకటి. ఊళ్ళో మనిషున్నాడు, ఇల్లుంది, ఓటరు లిస్టులో మాత్రం పేరు లేదు. పోలింగ్ రోజున వాడు లేనట్టే కదా. ఇదీ అంతే. ప్రోగ్రామ్ వెళ్ళి యూఎస్ఆర్ అనే ఫోల్డర్‌లో బిన్ అనే చోట కూర్చుంటుంది. మెనూ అక్కడికి వెళ్ళి చూడదు. అదే యూఎస్ఆర్‌లో షేర్, దాని లోపల అప్లికేషన్స్ అని ఇంకో ఫోల్డర్ ఉంది. అక్కడ మెనూలో కనపడాల్సిన ఒక్కో ప్రోగ్రామ్‌కీ డాట్ డెస్క్‌టాప్ అని ముగిసే చిన్న ఫైల్ ఉంటుంది. మెనూ చదివేది ఆ ఫైళ్ళనే.

వీఎల్‌సీది ఒకసారి టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి చూడు, ఏమీ మార్చకు. భయపడాల్సింది ఏమీ లేదు, ఇంగ్లీషులో నాలుగు మాటలు. పైన చదరపు బ్రాకెట్లలో డెస్క్‌టాప్ ఎంట్రీ అని ఉంటుంది. కింద నేమ్ అని ఒక లైను, మెనూలో కనిపించే పేరు అదే. ఎగ్జెక్ అనే లైనులో నొక్కగానే నడవాల్సిన కమాండ్ ఉంటుంది, దాని చివర పర్సెంట్ గుర్తూ పెద్ద యూ అక్షరమూ ఉంటాయి. నువ్వు వీడియో మీద డబుల్ క్లిక్ చేస్తే ఆ వీడియో అడ్రస్ వచ్చి పడేది సరిగ్గా అక్కడే. ఐకాన్ లైను బొమ్మ కోసం, కేటగిరీస్ లైను ఏ విభాగంలో పెట్టాలో చెప్పడానికి. ఎక్కడైనా నోడిస్‌ప్లే ఈక్వల్స్ ట్రూ అని ఉంటే మాత్రం మెనూ దాన్ని దాచేస్తుంది. నాకు ఈ ఫైల్ అంటే భలే ఇష్టం బావా. ఇంత పెద్ద సిస్టమ్‌లో ఒక ఐకాన్ ఎందుకు కనపడుతోందో, ఎందుకు కనపడట్లేదో మామూలు మనిషి తెరిచి చదువుకోవచ్చు. ఎవరినీ బతిమాలక్కర్లేదు.

ఫైల్ ఉన్నా మెనూలో రాలేదంటే ఒకసారి లాగౌట్ అయి మళ్ళీ లోపలికి రా. చాలాసార్లు దాంతోనే తేలిపోతుంది.

ఇప్పుడు టెర్మినల్, అంటే కమాండ్లు టైప్ చేసే విండో తెరువు. కంట్రోల్, ఆల్ట్, టీ మూడూ కలిపి నొక్కితే వస్తుంది. వీఎల్‌సీ అని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టి ఎంటర్ నొక్కు. పెద్ద అక్షరాల్లో కొడితే తెలియదంటుంది, లైనక్స్‌కి చిన్న అక్షరం వేరు, పెద్ద అక్షరం వేరు. ప్లేయర్ తెరుచుకుందా, సంతోషం. టెర్మినల్ మూసేస్తే ప్లేయర్ కూడా మూతపడుతుంది, కంగారు పడకు. తెరుచుకోకపోతే ఎందుకు తెరుచుకోలేదో అక్కడే రాస్తుంది. మెనూలోంచి నొక్కితే ఆ మాట నీకు కనపడదు, నేను టెర్మినల్ అనేది అందుకే. కమాండ్ ముందు సుడో అనే మాట మాత్రం తగిలించకు, అది పూర్తి అధికారాలున్న రూట్ యూజర్‌గా నడపమని చెప్పడం. అలా నడపబోతే వీఎల్‌సీ సారీ చెప్పి ఆగిపోతుంది, అది కావాలని పెట్టిన అడ్డు. ఇంకోటి, ఎంపీవీ అని ఒట్టిగా కొడితే విండో రాదు, ఎలా వాడాలో నాలుగు లైన్లు చూపించి ఊరుకుంటుంది. అది పాడైందని కాదు, పక్కన వీడియో పేరు ఇవ్వలేదని.

కమాండ్ నాట్ ఫౌండ్ అని వచ్చిందా? అప్పుడు నాకు అనుమానం ఫ్లాట్‌ప్యాక్ మీద. సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో ఒకే ప్లేయర్ రెండు రకాలుగా దొరుకుతుంది, ఒకటి మామూలు సిస్టమ్ ప్యాకేజీ, రెండోది సిస్టమ్‌తో కలవకుండా విడిగా ఉండే ఫ్లాట్‌ప్యాక్. నువ్వు రెండోది ఎంచుకుని ఉంటే అది యూఎస్ఆర్‌లో ఉండదు. వార్ ఫోల్డర్‌లో లిబ్, దాని లోపల ఫ్లాట్‌ప్యాక్ అనే చోట ఉంటుంది. దాని పేరు కూడా పొడుగ్గా ఆర్గ్ డాట్ వీడియోలాన్ డాట్ వీఎల్‌సీ అని ఉంటుంది. ఫ్లాట్‌ప్యాక్ రన్ అని ఆ పొడుగు పేరు కొడితే తెరుచుకుంటుంది. ఏమేం ఎక్కాయో చూడాలంటే ఫ్లాట్‌ప్యాక్ లిస్ట్ అని కొట్టు. మామూలు ప్యాకేజీ అయితే డీపీకేజీ, మైనస్ పెద్ద ఎల్, ఆ పక్కన ప్యాకేజీ పేరు కొడితే ఏ ఫైల్ ఎక్కడ పెట్టిందో వరసగా చూపిస్తుంది. ఉబుంటు అనే ఇంకో లైనక్స్ వాడేవాళ్ళకి స్నాప్ అని మరో రకం ప్యాకేజీ ఉంది. 2020లో వచ్చిన మింట్ 20 నుంచి దాన్ని ఆపేసి ఇస్తున్నారు కాబట్టి నీకు ఆ గొడవ లేదు.

వీఎల్‌సీ ఐకాన్‌గా ఉండే ఆ ఆరెంజ్ కోన్ గురించి కూడా చెప్పాలి. మా సిల్క్ బోర్డ్ జంక్షన్‌లో అడుగడుక్కీ కనిపించే ట్రాఫిక్ కోనే అది. 1996లో ప్యారిస్ దగ్గర ఎకోల్ సెంట్రాల్ కాలేజీ విద్యార్థులు తమ క్యాంపస్ నెట్‌వర్క్‌లో వీడియో నడపడానికి మొదలుపెట్టిన ప్రాజెక్టు ఇది. అక్కడి కుర్రాళ్ళు పోగేసిన రోడ్డు కోన్ల వల్లే ఆ గుర్తు వచ్చింది. 2001 ఫిబ్రవరిలో ఎవరైనా స్వేచ్ఛగా వాడుకోనిచ్చే జీపీఎల్ లైసెన్సు కింద అందరికీ వదిలేశారు. ఇవాళ నీ పాత లాప్‌టాప్‌లో పైసా ఇవ్వకుండా వాడుకుంటున్నావంటే వాళ్ళ చలవే.

ప్లేయర్ దొరికాక ఇంకో రెండు పనులు చేసుకో. మెనూలో వీఎల్‌సీ మీద రైట్ క్లిక్ చేసి యాడ్ టు ప్యానెల్ నొక్కు, కింద బార్‌లో కోన్ వచ్చి నిలబడుతుంది. డెస్క్‌టాప్ మీద కావాలంటే యాడ్ టు డెస్క్‌టాప్ కూడా అక్కడే ఉంటుంది. రెండోది, వీడియో మీద డబుల్ క్లిక్ చేస్తే ఇప్పుడు సెల్యులాయిడ్ తెరుచుకుంటుంది. సెట్టింగ్స్‌లో ప్రిఫర్డ్ అప్లికేషన్స్‌కి వెళ్ళి వీడియో దగ్గర వీఎల్‌సీ పెట్టెయ్. మీ నాన్నగారు శ్రీకృష్ణుడి వేషం కట్టిన పద్యనాటకాల రికార్డింగులు అత్తయ్య తనంతట తాను పెట్టుకుని చూడాలన్నావు కదా. ఆవిడకి మెనూలూ పేర్లూ ఏవీ అక్కర్లేదు. ఆ ఫోల్డర్ ఒక్కటి డెస్క్‌టాప్ మీద ఉంచు, కావాల్సిన నాటకం మీద రెండుసార్లు నొక్కితే చాలు. ఫైళ్ళకి తెలుగులోనే పేర్లు పెట్టు, నిక్షేపంగా తెరుచుకుంటాయి. రాయబారం ఏదో, గయోపాఖ్యానం ఏదో ఆవిడే చదువుకుని ఎంచుకుంటుంది. పాత రికార్డింగుల్లో గొంతు సన్నగా వినపడుతుంది కదా, వీఎల్‌సీలో వాల్యూమ్ వందకి మించి 125 దాకా పెరుగుతుంది. నువ్వు దీన్నే పట్టుబట్టి ఎక్కించడం నాకు నచ్చింది అందుకే.

ముందు లాంచ్ నొక్కి చూడు, తర్వాత మెనూ, ఆ తర్వాతే టెర్మినల్. అక్కడ ఏం వచ్చినా మొత్తం స్క్రీన్ ఫొటో తీసి పంపు, సగం సగం తియ్యకు. పగలు ఆఫీసులో ఫోన్ తియ్యలేను, రాత్రి తొమ్మిది దాటాక చెయ్యి.

నీ
బావ