హైకోర్టు వెళ్లిపోయాక పాత భవనం ఎవరికి?

సంపాదకుడు గారికి నమస్కారం.

రాజేంద్రనగర్‌లో కొత్త హైకోర్టు గురించి మీ పత్రికలో వార్తలు వస్తూనే ఉన్నాయి. నూరెకరాల స్థలం, 2024 మార్చి 27న అప్పటి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ గారి చేతుల మీదుగా శంకుస్థాపన, అంతా చదివాను. ఆ స్థలం వ్యవసాయ యూనివర్సిటీది, దాని మీద నడిచిన గొడవ వేరే కథ, దాని జోలికి పోను. నేనడిగేది ఒక్కటే. ఫైళ్లు, బెంచీలు, బార్ అసోసియేషన్ అన్నీ అటు తరలిపోయాక మూసీ ఒడ్డున ఉన్న ఈ భవనం తాళాలు ఎవరి చేతిలో ఉంటాయి?

కొత్తది వద్దనట్లేదు. వకీలు గుమాస్తాగా ఈ వరండాల్లోనే నా ఉద్యోగం గడిచింది, ఇరుకెంతో నాకు తెలుసు. 2021లో జడ్జి పోస్టులను 24 నుంచి 42కి పెంచారు గానీ గోడలు జరగవు కదా. బండి పెట్టుకోవడానికి చోటుండదు, వాయిదా కోసం జిల్లాల నుంచి వచ్చినవాళ్లు కూర్చోవడానికీ ఉండదు.

కానీ ఈ భవనం మామూలుది కాదండీ. 1908 సెప్టెంబరు వరద ఊరిని ఊడ్చిపెట్టాక, మూసీకి రెండు ఒడ్డులా కొత్తగా లేచినవాటిలో ఇదొకటి. 1915లో మొదలుపెట్టి 1919కల్లా పూర్తిచేశారు, 1920 ఏప్రిల్‌లో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ప్రారంభించారు. పునాదులు తవ్వుతుంటే కుతుబ్‌షాహీల నాటి మహళ్ల శిథిలాలు బయటపడ్డాయట. ప్లాను జైపూర్ శంకర్‌లాల్‌ది, దగ్గరుండి కట్టించింది మన ఇంజనీరు మెహర్ అలీ ఫాజిల్. విన్సెంట్ ఎష్ అనే ఇంగ్లీషు ఆర్కిటెక్టు చెయ్యి కూడా ఇందులో ఉంది. నది అవతల ఉస్మానియా ఆసుపత్రి, పక్కనే సిటీ కాలేజీ, అటు కాచిగూడ స్టేషను ఆయన గీసినవే. నిజాంకి దీన్ని వెండిలో నమూనాగా చేసి రజతోత్సవ కానుకగా ఇచ్చారు, అది ఇప్పటికీ పురానీ హవేలీ మ్యూజియంలో ఉంది. వెండిదాన్ని అద్దాల్లో పెట్టి కాపాడుకున్నాం, రాతిదాని సంగతి చూడండి.

గులాబీ రంగు గ్రానైటు, ఎర్ర ఇసుకరాయి, పైన గుమ్మటాలు. నయాపూల్ మీద బస్సు ఆగినప్పుడు అందరికీ కనిపించేది అదే. దగ్గరికొస్తే కనిపించేది వేరు. చెక్కిన రాతి పట్టీకి అడ్డంగా ఏసీ పైపు, పైపు చుట్టూ సిమెంటు ముద్ద, ఆ ముద్ద కింద నల్లటి చెమ్మ మరక. పాత గార అంతా సున్నంది, లోపలి చెమ్మను బయటికి వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూస్తే చెమ్మ లోపలే నిలిచి రాయి పొరలు పొరలుగా రాలుతుంది. ఇక ఏ పిట్టో రెట్ట వేసిన చోట రావి మొలిచిందంటే, రెండు వానలకు వేరు సందులోకి దిగుతుంది, తర్వాత పైన ఎంత నరికినా లాభం లేదు. మనుషులు తిరుగుతుంటే ఇలాంటివి ఎవరో ఒకరి కంట పడతాయి, తిట్టుకుంటూనైనా పీకిస్తారు. తాళం పడితే ఎవరు చూస్తారు?

ఉదాహరణకు దూరం పోనక్కర్లేదు. ఉస్మానియా పాత భవనంలోకి 2020 జూలైలో వాన నీళ్లొచ్చాయి. వార్డులు ఖాళీ చేయించి మూసేశారు, ఆ తర్వాత ఏళ్ల తరబడి కూల్చాలా ఉంచాలా అన్న వాదనే. ఎర్రమంజిల్ అనే పాత ప్యాలెస్‌ని కూల్చి అసెంబ్లీ కడతామంటే 2019లో ఆ నిర్ణయాన్ని కొట్టేసింది ఇదే హైకోర్టు. ఊళ్లో పాత కట్టడాలకు అండగా నిలబడ్డ కోర్టు, తన ఇంటి గురించి తను కూడా ఒక మాట చెప్పి వెళితే బాగుంటుంది.

నన్నడిగితే దీన్ని కోర్టుగానే ఉంచాలి. సిటీలో చోటు చాలక ఇబ్బంది పడే కింది కోర్టులు కొన్ని ఇక్కడికి రావొచ్చు, రద్దీ ఎలాగూ ఇప్పటంత ఉండదు. హెరిటేజ్ హోటలు, కల్చరల్ సెంటర్ అని ఎవరైనా అంటే మాత్రం నాకు భయమేస్తుంది, రిబ్బన్ కటింగ్ అయ్యాక రెండో ఏడాది కరెంటు బిల్లు ఎవరు కడతారన్నది తేలదు. ఒక పెద్ద హాలు మాత్రం ఆదివారాలు జనానికి తెరవండి. ముద్దాయిగానో వాదిగానో తప్ప లోపలికి అడుగుపెట్టే వీలు ఎందరికి దొరికింది?

తరలింపుకు ముందే చేయాల్సిన పని ఒకటుంది. 2009 ఆగస్టు 31న ఇక్కడ మంటలు లేచి లైబ్రరీ పుస్తకాలు, పాత ఫైళ్లు, జడ్జిల చిత్రపటాలు కాలిపోయాయి. కాబట్టి వైరింగంతా ఒకసారి విప్పి చూడాలి. తర్వాత వచ్చిన అదనపు గదుల్లో ఏవి తీసేయొచ్చో, ఏ గోడ అసలుదో ఇంజనీర్లతో కొలతలు తీయించి నక్షాలు గీయించాలి. ఏ తలుపు ఎక్కడికి తెరుచుకుంటుందో తెలిసిన పాత స్టాఫ్ ఇంకా డ్యూటీలో ఉండగానే ఆ పని అయిపోవాలి.

ఇట్లు,
ఒక వకీలు గుమాస్తా (రిటైర్డ్),
హుస్సేనీ ఆలం, హైదరాబాద్