వెలావదర్ ట్రిప్: శనివారం పొద్దున్నే

ఫ్రెండ్స్, శనివారం పొద్దున 5:30కి భావ్‌నగర్‌లో మన హోటల్ గేటు దగ్గర ఉండండి. ఆలస్యమైతే జీపులు ఆగవు!

వెలావదర్ అంటే గుజరాత్‌లో భావ్‌నగర్ దగ్గరున్న 34 చదరపు కిలోమీటర్ల గడ్డి మైదానం, 1976 నుంచి కృష్ణజింకల నేషనల్ పార్క్. మెలి తిరిగిన కొమ్ములతో నల్లగా ఉన్నవి మగవి, లేత గోధుమరంగువి ఆడవి. తోడేళ్లు, మనుబోతులు కూడా ఉన్నాయి. తోడేలు కనిపిస్తే మన అదృష్టం.

సాయంత్రం ఎవరూ త్వరగా వెళ్లిపోవద్దు. చలికాలం వలస వచ్చే హారియర్ గద్దలు చీకటి పడే వేళకు వందల్లో గడ్డిలోకి దిగుతాయి. నాకైతే జింకలకన్నా అదే ముఖ్యం.

ఒరిజినల్ ఐడీ కార్డు, స్వెటర్, నీళ్లు, బైనాక్యులర్ తెచ్చుకోండి. జీపు దిగకూడదు, అరవకూడదు.

వచ్చేవాళ్లు గురువారం రాత్రిలోపు పేరు పెట్టండి. పర్మిట్లు తీయాలి.