ఫిర్యాదు: మా అమ్మాయి కన్సల్టేషన్ వివరాలు నాకు పంపడం, టీబీ మందుల సంగతి అడగకుండా గర్భనిరోధక మాత్రలు రాయడం

కస్టమర్ కేర్ విభాగం బాధ్యులకు,

నమస్కారం. నేను ఖమ్మం జిల్లాలో ఒక పీహెచ్‌సీలో స్టాఫ్ నర్సుని. మా అమ్మాయికి 21 ఏళ్ళు, హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. గత నెల మీ యాప్‌లో డబ్బు కట్టి ఒక డాక్టరమ్మతో ఫోన్లో మాట్లాడింది. వివరాలన్నీ గోప్యంగా ఉంటాయని మీ బుకింగ్ పేజీలోనే రాసి ఉంది. తన సొంత నంబరే ఇచ్చింది. అయినా కాల్ అయిపోయిన కాసేపటికి మెసేజ్ నాకొచ్చింది. అందులో తన పేరు, "గర్భనిరోధక సలహా పూర్తయింది" అన్న మాట, మాత్రల పేరు, ప్రిస్క్రిప్షన్ లింకు అన్నీ ఉన్నాయి. అప్పుడు నేను ఓపీలో ఉన్నాను. ఫోను బల్ల మీద ఉంది, పక్కనే ఇద్దరు ఆశాలు రిజిస్టర్ రాసుకుంటున్నారు.

మీ చాట్‌లో అడిగితే "మీరు ప్రైమరీ అకౌంట్ హోల్డర్ కాబట్టి మీకు సమాచారం వస్తుంది" అన్నారు. ఆ అకౌంటు మా అత్తమ్మ బీపీ మాత్రల కోసం నేనే ఎప్పుడో నా నంబరుతో తెరిచాను. అంతమాత్రాన మేజరైన అమ్మాయి డాక్టరుతో ఏం మాట్లాడిందో నాకు చెప్పే హక్కు మీకెవరిచ్చారు? తను ఆ సంగతి నాకు చెప్పలేదు. చెప్పాలో వద్దో, ఎప్పుడు చెప్పాలో తన ఇష్టం. నేను తల్లినే అయినా ఆ మెసేజ్ నాకు రాకూడదు. ఇంకో ఇంట్లో అది ఏ అన్న చేతిలోనో పడితే ఆ పిల్లకి చదువు మాన్పిస్తారు, ఎవరో ఒకరికి కట్టబెడతారు, కొడతారు కూడా. ఇలాంటివి మా ఊళ్ళలో చూశాను కాబట్టే అంటున్నాను.

ఇక కౌన్సెలింగ్ సంగతి. ఆ డాక్టరమ్మ మొదట అడిగింది పెళ్ళయిందా అని. తర్వాత ఇంట్లో తెలుసా అని. చదువుకునే వయసులో ఇవన్నీ ఎందుకమ్మా అని ఓ మాట అని, ఈస్ట్రోజెన్ హార్మోన్ ఉన్న మాత్రలు రాసి పెట్టేసింది. బీపీ ఎంతో అడగలేదు. మైగ్రేన్ ఉందా, కాళ్ళలో ఎప్పుడైనా రక్తం గడ్డకట్టిందా అని అడగలేదు. అన్నిటికంటే ముఖ్యం, ఇప్పుడు ఏమైనా మందులు వాడుతున్నావా అని అడగలేదు.

మా అమ్మాయి టీబీ కోర్సులో ఉంది. రోజూ రిఫాంపిసిన్ వేసుకుంటోంది. ఆ మందు లివర్‌లో హార్మోన్లను త్వరగా విరగ్గొట్టేస్తుంది, గర్భనిరోధక మాత్ర సరిగా పని చేయదు. ఎమర్జెన్సీ మాత్రదీ అదే పరిస్థితి. మీరు రాసిన మాత్రలు నమ్ముకుని ఉంటే ఏమయ్యేది? కాపర్-టీ మీద గానీ మేం పీహెచ్‌సీలో మూడు నెలలకోసారి ఇచ్చే "అంతర" గర్భనిరోధక ఇంజెక్షన్ మీద గానీ రిఫాంపిసిన్ ప్రభావం ఉండదు. ఆ మాట చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. సుఖవ్యాధుల నుంచి కాపాడేది కండోమ్ ఒక్కటేనని కూడా ఆ కాల్‌లో ఎవరూ చెప్పలేదు.

నీకు ఈ జబ్బుందని నువ్వే చెప్పొచ్చుగా అని నేనూ మా అమ్మాయిని అడిగాను. "ఆవిడ అలా మాట్లాడాక ఎప్పుడు ఫోన్ పెట్టేద్దామా అనిపించిందమ్మా" అంది. మీ కంపెనీకి అర్థం కావాల్సింది ఇదే. సిగ్గుతో ముడుచుకుపోయిన పిల్ల టీబీ మాట ఎత్తదు, నెలసరి తప్పిన సంగతి చెప్పదు, బలవంతం జరిగి ఉంటే అసలే చెప్పదు. మా పీహెచ్‌సీలో కొత్తగా పెళ్ళయిన పిల్లలకి ఛాయా, మాలా-ఎన్ గర్భనిరోధక మాత్రలు ఇచ్చేటప్పుడు అత్తగారిని బయట కూర్చోబెట్టి మాట్లాడతాం. చిన్న గదే, కానీ తలుపు వేస్తాం. అప్పుడే అసలు విషయం బయటికొస్తుంది.

ఆ మెసేజ్ రాబట్టే కదా రిఫాంపిసిన్ సంగతి మీరు పట్టుకోగలిగారు అని మాత్రం దయచేసి జవాబివ్వకండి. అది డాక్టరు పేషెంటుని అడగాల్సిన ప్రశ్న. ప్రతి అమ్మాయికీ తల్లి నర్సు అయి ఉండదు.

2020 మార్చిలో వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు పేషెంటు గోప్యత కాపాడాలనే చెప్తున్నాయి. పెద్దవాళ్ళు పక్కన ఉండాలన్న నియమం మైనర్లకే గానీ 21 ఏళ్ళ అమ్మాయికి కాదు. గర్భస్రావం చేయించుకున్న స్త్రీ వివరాలు అధికారం లేనివాళ్ళకి బయటపెడితే ఏడాది దాకా జైలు అని గర్భస్రావ చట్టానికి 2021లో చేసిన సవరణలోనే ఉంది. గర్భం రాకుండా జాగ్రత్తపడే అమ్మాయికి ఆపాటి మర్యాద కూడా దక్కదా?

నేను అడిగేది ఫీజు వాపసు కాదు. బుకింగ్‌లో ఇచ్చిన నంబరుకి తప్ప ఇంకెవరికీ మెసేజ్ పోకూడదు, అందులో మందు పేరు, సలహా పేరు ఉండకూడదు. హార్మోన్ మాత్రలు రాసే ముందు బీపీ, మైగ్రేన్, వాడుతున్న మందుల గురించి అడిగి తీరాలి, ఆ జవాబులు నింపకుండా ప్రిస్క్రిప్షన్ పూర్తికాకుండా మీ సాఫ్ట్‌వేర్‌లోనే ఏర్పాటు చేయాలి. ఆ డాక్టరమ్మ కాల్‌ని ఒక సీనియర్ గైనకాలజిస్టుతో పరిశీలింపజేసి, మా అమ్మాయికి క్షమాపణ చెప్పాలి. ఈ లేఖ తనకి చూపించి, సరేనన్నాకే పంపుతున్నాను.

15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేస్తాను, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. మెసేజ్, చాట్ స్క్రీన్‌షాట్లు, ప్రిస్క్రిప్షన్ కాపీ జత చేశాను.

ఇట్లు,
అకౌంటుదారు