బీఆర్క్‌కు రెండో దారి ఏది?

సంపాదకులకు,

బీఆర్క్ (ఆర్కిటెక్చర్ డిగ్రీ) చదవాలనుకునే విశాఖ విద్యార్థులు చాలామంది విజయవాడ ఎస్‌పీఏ (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్) ఒక్కదాన్నే నమ్ముకుంటున్నారు. అది మన రాష్ట్రంలోనే ఉన్నా సీట్లు అఖిల భారత కోటావే, స్థానికులకు వెసులుబాటు లేదు. తాడేపల్లిగూడెం నిట్‌లో బీఆర్క్ లేదు. కాబట్టి సొంత రాష్ట్ర కోటా మనకు దక్కదు, ఏ నిట్ కోరుకున్నా ఇతర రాష్ట్రాల కోటాలోనే పోటీ.

ఈ సీట్లు కేటాయించే జోసా కౌన్సెలింగ్‌లో చూసేది జేఈఈ మెయిన్ పేపర్-2ఏ (బీఆర్క్ పేపరు) ర్యాంకు. ఆర్కిటెక్చర్‌కే ఉన్న మరో ప్రవేశ పరీక్ష నాటా స్కోరు అక్కడ పనికిరాదు. పైగా ఇంటర్‌లో 75 శాతమో, బోర్డులో టాప్ 20 పర్సంటైలో ఉండాలి (ఎస్సీ, ఎస్టీలకు 65 శాతం). ఆంధ్ర విశ్వవిద్యాలయం లాంటి చోట్లకూ, ప్రైవేటు కాలేజీలకూ నాటా రాసి ఉంచుకోవడమే మేలు. ఒకే పరీక్ష రాస్తే సగం తలుపులు ముందే మూసుకుపోతాయి.

కటాఫ్ చూసేటప్పుడు బీటెక్ ర్యాంకులతో పోల్చకండి, పేపర్-2ఏ ర్యాంకులు వేరు. గత రెండు మూడేళ్ల చివరి రౌండు ముగింపు ర్యాంకును మీ కేటగిరీలో చూడండి. ఆప్షన్లు మాత్రం ఇష్టం ప్రకారమే పేర్చాలి. పైన పెద్ద కాలేజీ పెట్టినంత మాత్రాన కింది సీటు పోదు. కింద మాత్రం నిజంగా చేరగలిగినవే పెట్టండి. ఫ్లోట్ (వచ్చిన సీటు ఉంచుకుని పై ఆప్షన్ కోసం ఎదురుచూడటం) ఎంచుకున్నాక పై సీటు వస్తే పాతది తిరిగి రాదు.

ప్రైవేటు కాలేజీ అయితే ఆ ఏడాదికి కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్ అనుమతి ఉందో లేదో, ఎన్ని సీట్లకో కౌన్సిల్ వెబ్‌సైట్‌లోనే సరిచూసుకోవాలి. బ్రోచర్‌ను నమ్మొద్దు. గుర్తింపు లేని డిగ్రీతో 1972 ఆర్కిటెక్టుల చట్టం కింద ఆర్కిటెక్టుగా నమోదు కుదరదు. ఫీజు అయిదేళ్లకు లెక్కేయండి, మోడళ్లు, షీట్లు, స్టడీ టూర్ల ఖర్చు అదనం.

— ఆర్కిటెక్చర్ అధ్యాపకులు, విశాఖపట్నం