శీర్షికలో ‘ఒడిశా’ అంటే ఎవరు?

సంపాదకులకు నమస్కారం.

వంశధార నదిపై ఆంధ్రప్రదేశ్ కట్టదలచిన నేరడి బ్యారేజీ ప్రస్తావన వచ్చినప్పుడల్లా తెలుగు పత్రికలలో ‘ఒడిశా అడ్డుపుల్ల’, ‘ఒడిశా మొండిపట్టు’ వంటి శీర్షికలు కనిపిస్తుంటాయి. గజపతి జిల్లాలోనే పుట్టి, ఇక్కడి పిల్లలకే తెలుగు చెప్పి పదవీవిరమణ చేసిన నాకు ఆ మాట చదివిన ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది. ఆ ఒడిశాలో నేనూ ఉన్నాను, కాశీనగర్ దగ్గర అదే నది ఒడ్డున సేద్యం చేసుకునే తెలుగు రైతూ ఉన్నాడు.

విలేఖరి ఉద్దేశించినది అక్కడి ప్రభుత్వాన్ని. ఒకదాని పేరుతో దానికి సంబంధించిన మరొకదాన్ని చెప్పడాన్ని మన ఆలంకారికులు లక్షణ అన్నారు. ‘గంగలో గొల్లపల్లె’ అంటే పల్లె గంగ ఒడ్డున ఉందని అర్థం. రూపకానికి పోలిక ఆధారమైతే, ఇటువంటి లక్షణకు సంబంధం ఆధారం. ‘ఆటో, పాతపట్నం వస్తావా?’ అని కేకవేసే ముసలమ్మ ఏ శాస్త్రమూ చదవకుండానే దీన్ని చక్కగా వాడుతుంది. బండిని పిలిస్తే నడిపేవాడు పలుకుతాడు. కనుక లక్షణను మానుకోమని నేను కోరడం లేదు.

అయితే ‘కావ్యప్రకాశం’ రాసిన సంస్కృత ఆలంకారికుడు మమ్మటుడు లక్షణకు మూడు నియమాలు చెప్పాడు: ముఖ్యార్థం, అంటే మాటకు నేరుగా ఉన్న అర్థం, పొసగకపోవాలి, చెప్పదలచిన అర్థానికి దానితో సంబంధం ఉండాలి, రూఢి (వాడుకలో స్థిరపడడం) గాని ప్రయోజనం గాని ఉండాలి. చిక్కంతా మొదటి నియమంలోనే ఉంది. ‘ఢిల్లీ ఉత్తర్వులు’ అన్నప్పుడు ఊరు ఉత్తర్వులు ఇవ్వజాలదు కనుక పాఠకుడు వెంటనే కేంద్ర ప్రభుత్వమని గ్రహిస్తాడు. ‘ఒడిశా మొండిపట్టు’ అన్నప్పుడు మాత్రం ఒక రాష్ట్రపు జనం మొండిపట్టు పట్టడం అసంభవమేమీ కాదు గనుక, ముఖ్యార్థం దగ్గరే అతని బుద్ధి ఆగిపోతుంది. వంశధార జలవివాదంపై 2010లో ఏర్పడి 2017లో తుదితీర్పు చెప్పిన ట్రైబ్యునల్ ముందు వాదించుకున్నవి రెండు ప్రభుత్వాలు. ‘మీ ఒడిశావాళ్లు మా నీళ్లు ఆపుతున్నారట గదా’ అన్న మాట పడుతున్నది మాత్రం సంతకు వెళ్లిన మావాళ్లు. ఒడియా ఇరుగుపొరుగు ‘ఆంధ్రా’ అన్నప్పుడూ ఇదే తంతు.

అందువల్ల శీర్షికలో ‘ప్రభుత్వం’ అన్న మూడక్షరాలు చేర్చమని మనవి. చోటు చాలదంటే ‘భువనేశ్వర్’ అని వేయండి. అదీ లక్షణే, కాని నగరం నదికి అడ్డుపడదు కనుక చదివేవారి చూపు నేరుగా సచివాలయం మీదికే పోతుంది, కాశీనగర్ రైతు మీదికి రాదు.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా.